వెలుతురు తగ్గించుకో అక్కా

కంటికి కనపడని జబ్బు కరెంటు సామానుకు ఉండదని బుడే అంటూ ఉండేవాడు. అనడమే కాదు, ముప్పై అయిదేళ్ళు ఆ మాట మీదే అన్నం తిన్నాడు. ప్రత్తిపాడు బస్టాండు సెంటర్లో, ఎరువుల కొట్టుకూ టీ బంకుకూ నడుమ ఇరుక్కుని ఉన్న ఆ చిన్న గదిలోకి ఏ వస్తువు వచ్చినా ముందే విప్పేవాడు కాదు. చూసేవాడు. అటు తిప్పి ఇటు తిప్పి, అవసరమైతే వాసన కూడా చూసి, ఫలానాది పోయిందని చెప్పి, అప్పుడు స్క్రూడ్రైవరు తీసేవాడు. పదిలో తొమ్మిదిసార్లు చెప్పిందే అయ్యేది. పదోసారి గురించి ఊళ్ళో ఎవరూ మాట్లాడుకోరు గనక బుడే చూశాడంటే ఇంక తిరుగు లేదని పేరు పడిపోయింది.

పేరు మహా చెడ్డది. లేనివాడు భయపడుతూ, ఒకటికి రెండుసార్లు చూసుకుంటూ పని చేస్తాడు. ఉన్నవాడు ఊరివాళ్ళతో పాటు తన పేరును తాను కూడా నమ్మేస్తాడు. బుడే చేసిన తప్పు అంతకంటే పెద్దదేమీ కాదు. కానీ దాని ఫలితం అనుభవించింది అతను కాదు, ఎలీసమ్మ.

బుడే నాన్న దూది ఏకేవాడు. వింటినారి టంగుటంగుమని మోగించుకుంటూ ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. ఫోము పరుపులొచ్చాక ఆ విల్లు అటకెక్కింది. కొడుకు గుంటూరు వెళ్ళి రేడియో రిపేరు నేర్చుకున్నాడు. రేడియోలు పోతే టీవీలు పట్టుకున్నాడు, టీవీలు పోతే సెల్‌ఫోన్లు పట్టుకున్నాడు. తండ్రి పని తండ్రితోనే పోయినా తాను మాత్రం మూడు కాలాలకూ నిలబడ్డానని అతనికి కాస్త గర్వం. ఉండకూడదని ఎవరంటారు?

ఇక ఎలీసమ్మ. తోడబుట్టింది కాదు, కులం కాదు, మతం కాదు. వాళ్ళిల్లు చర్చి వెనక, వీళ్ళ దూది పాక దాని పక్కన. బుడే కంటే ఏడేళ్ళు పెద్దది. పాకలో దూది నుసి లేచి పసివాడు ఉక్కిరిబిక్కిరవుతుంటే, చంకనేసుకుని తమ వాకిట్లోకి తీసుకుపోయి ఆడించిన పిల్ల ఆమె. అందుకే ఊరంతా బుడేగారూ అని పిలిచినా ఆమె మాత్రం కొట్టు నిండా మనుషులున్నా "ఒరేయ్ బుడే" అనే పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి చెప్పలేని సుఖంగా ఉండేది.

ఎలీసమ్మ పని మిరపకాయలో. ఊరి బయట బాపయ్యగారి కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని పక్కన రేకుల షెడ్డులో పద్నాలుగు మంది ఆడవాళ్ళు పీటలు వేసుకుని వరసగా కూచుని కాయ ఏరుతారు. మొదటి చేతులు తొడిమలు తీస్తాయి. తరువాతి చేతులు విరిగినవీ నల్లబడినవీ తీస్తాయి. చివర కూచున్న మనిషి తాలు తీస్తుంది. తాలంటే తెల్లబారిన కాయ, రంగూ ఉండదు, కారమూ ఉండదు. మంచి బస్తాలో గుప్పెడు తాలు కలిసిందంటే కొనేవాడు బస్తా మొత్తాన్నీ అనుమానిస్తాడు. అందుకని ఆ ఆఖరి పీట ఎవరికి పడితే వారికి ఇవ్వరు. ఆ పీట మీది మనిషి చెయ్యి దాటిన కాయను మళ్ళీ ఎవరూ చూడరు. యజమాని కూడా చూడడు. అది అక్కడి కట్టుబాటు.

ఇరవై రెండేళ్ళు ఆ పీట ఎలీసమ్మది. భర్త పోయినా, కూతురు పెళ్ళయి వెళ్ళిపోయినా, ఆ పీట మీద కూచున్నంతసేపూ ఆమె ఒకరికి తక్కువ కాదు. గుంటూరు నుంచి వచ్చే వ్యాపారులు బస్తా ముట్టుకోకుండా "ఎలీసమ్మ ఏరిందేనా?" అని అడిగేవాళ్ళు. అవునంటే కుట్టేయమనేవాళ్ళు. ఇంక ఘాటంటారా, కొత్తగా వచ్చిన ఆడవాళ్ళు పది పదిహేను రోజులు తుమ్మి తుమ్మి అలవాటు పడతారు. ఆమె అయితే ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకునేది కాదు. కోల్డులో కాయ ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి ఏడాది పొడుగునా ఆ గాలిలోనే బతికింది.

ఆ మధ్య బాపయ్యగారు కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. కాయ కొనడానికి పల్లెలకు వెళ్ళినప్పుడు కల్లంలో రాశిని ఫొటో తీసి, "అక్కా, ఈ రంగు ఎట్టా ఉంది?" అని ఎలీసమ్మకు పంపడం. ఆమె సరేనంటే కొనడం. ఎలీసమ్మకు ఎంత గొప్పగా ఉంటుందో చెప్పక్కర్లేదు. చిక్కల్లా ఆమె ఫోను పాతది. అందులో నిగనిగలాడే తేజ రకం కాయ కూడా వెలిసిపోయినట్టు కనపడేది.

"ఒరేయ్ బుడే, ఇందులో మంచి కాయ కూడా తాలులాగా ఉందిరా. ఏదన్నా చెయ్యి," అంటూ కొట్టుకు వచ్చింది ఒక ఫిబ్రవరి పొద్దున.

బుడే అలమరలోంచి ఒక ఫోను తీశాడు. కొత్తదాని కిందే లెక్క. తన కోసం అట్టేపెట్టుకున్నది.

"రంగు చూడక్కా. ఎరుపంటే ఎరుపు, నలుపంటే నలుపు. కొత్త రకం స్క్రీను. వెనకాల దీపం ఉండదు దీనికి, ప్రతి చుక్కా దానంతటదే వెలుగుద్ది."

బాపయ్యగారు పంపిన ఫొటో అందులో పెట్టి చూపించాడు. రాశి రాశంతా ఎండలో ఉన్నట్టే మెరిసింది. ఎలీసమ్మ చిన్నపిల్లలా దాని మీద వేలు పెట్టి, "ఇదిగో ఈ మూల తాలుందిరా," అని నవ్వింది. పాత ఫోను తీసుకుని బుడే సొరుగులో పడేశాడు. ఆ రోజు అతనికి నిజంగా సంతోషంగా ఉంది. తనను ఎత్తుకు తిరిగిన మనిషికి తన చేత్తో ఒక మంచి వస్తువు ఇచ్చాడు. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు అతనికి ఒళ్ళు జలదరిస్తుంది.

రెండు నెలలు కాకుండానే ఆమె మళ్ళీ వచ్చింది.

"ఒరేయ్ బుడే, ఇందులో వెలుతురు కదులుతోందిరా."

"కదలడమేందక్కా?"

"ఏమో. గాలికి దీపం అల్లాడినట్టు. కంటికి కనపడదు, కానీ కదులుతోంది. కాసేపు చూస్తే కణతలు లాగేస్తన్నాయి. కడుపులో తిప్పుతోంది."

"కనపడదంటావు, కదులుతోందంటావు. ఏదో ఒక మాట మీద నిలబడక్కా."

కొట్టు ముందున్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. బుడే ఫోను తీసుకుని తన పద్ధతిలో చూశాడు. తిప్పి చూశాడు, వంచి చూశాడు, కళ్ళజోడు తీసి చూశాడు. అద్దం మీద వెలుతురు కదలకుండా నిలబడి ఉంది. జబ్బు ఫోనుకు లేదంటే మనిషికే ఉండాలి.

ఇక్కడ మా నేల సంగతి ఒకటి చెప్పాలి. ఈ పత్తి, మిరప ఊళ్ళల్లో మనిషికి కళ్ళు మండితే ఎవరూ కారణం వెతకరు. తుమ్మినా మిరపకాయే, దగ్గినా మిరపకాయే, అత్తారింటికి వెళ్ళే పిల్ల ఏడ్చినా మిరపకాయే అనేంత అలవాటు. సాక్ష్యం అక్కర్లేని దొంగ అది. అన్ని నేరాలూ దాని మీద వేసి జనం హాయిగా ఉంటారు.

"ఘాటక్కా," అన్నాడు బుడే. "పాతికేళ్ళ నించి కాయలో కూచుంటన్నావు. కళ్ళల్లోకి దిగదా? అట్టాంటి కళ్ళతో ఇంత వెలుగు చూస్తే మండవా? వెలుతురు తగ్గించుకో అక్కా, చల్లగా ఉంటది."

అని తానే వేలితో గీత కిందికి జరిపి వెలుతురు సగానికి తగ్గించి ఇచ్చాడు. ఆమె కళ్ళు చిట్లించి చూసి, తల ఊపి వెళ్ళింది.

మే నెలలో మళ్ళీ వచ్చింది. ఈసారి నవ్వలేదు. తలనొప్పి వస్తే పూట పూటంతా వదలడం లేదంది. గుంటూరులో కళ్ళ డాక్టరుకు కూడా చూపించుకుంది. ఆయన కళ్ళల్లో లైటు వేసి చూసి, చూపు బాగానే ఉందని, ఏం పని చేస్తావమ్మా అని అడిగాడు. మిరపకాయలు ఏరతానండీ అంది. ఆయన ఇంకేమీ అడగకుండా చుక్కల మందు రాసిచ్చాడు.

"చూశావా? డాక్టరూ అదే అన్నాడు," అన్నాడు బుడే. ఈసారి వెలుతురు అడుగంటా తగ్గించాడు. వెనక రంగు నలుపు చేశాడు. ఎండాకాలం చలివేంద్రం పెట్టినంత పుణ్యం చేసినట్టు ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

మూడోసారి వచ్చిన రోజు బుడే మర్చిపోలేడు. జూన్ నెల, ఇంకా వాన పడలేదు. ఆమె వచ్చి బల్ల మీద కూచుని, కొట్టు ఖాళీ అయ్యేదాకా ఆగింది. తరువాత జరిగింది చెప్పింది. ఆ రోజు షెడ్డులో పక్క పీట మీద ఉండే శివపార్వతి, ఎలీసమ్మ చెయ్యి దాటిన కుప్పలోంచి రెండు తాలుకాయలు చప్పుడు కాకుండా తీసి తన ఒళ్ళో దాచుకుంది. ఎలీసమ్మ చూడలేదనుకుంది. ఎలీసమ్మ చూసింది.

"దాచింది చూడరా, అది నాకు చచ్చినంత పనైంది. ఎత్తి చూపించినా బాగుండేది," అంది. చేతిలో ఫోను చూపిస్తూ, "నా పాత ఫోను నాకిచ్చెయ్యరా. దాంతో నాకు ఏ నెప్పీ లేదు. రంగు లేకపోతే పోయింది," అంది.

బుడే సొరుగు వంక చూశాడు. ఆ పాత ఫోను లేదు. నెల కిందటే దాని స్క్రీను తీసి ఆటో యూసుఫ్ ఫోనుకు వేశాడు. మిగిలిన డొక్కు చెత్తబుట్టలో పడింది. ఆ మాట చెప్పేస్తే అయిపోయేది. అక్కా, దాని స్క్రీను పీకేశాను, తప్పయింది, అట్టాంటిదే ఇంకోటి వెతికిస్తాను అంటే ఆమె నెత్తిన ఒకటి మొట్టి ఊరుకునేది. కానీ చెప్పడానికి సిగ్గేసింది. సిగ్గుపడిన మనిషికి కోపం తొందరగా వస్తుంది.

"ఫోన్‌దేముందక్కా! నీ కళ్ళు పోతంటే ఫోను మీద పడతావేంది? మానాల్సింది ఫోను కాదు. ముందు ఆ కాయ మానెయ్."

ఎలీసమ్మ అతని వైపు తిరిగింది.

"నువ్వు చూసే చెప్తన్నావా?"

"చూసే చెప్తన్నా."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచి వెళ్ళింది. పాస్టరుగారు చెప్పినదాని మీదన్నా ఆమె ఒక ప్రశ్న వేస్తుందేమో గానీ, కరెంటు సంగతిలో బుడే మాటకు ఎదురు లేదామెకు. తన చంకన పెరిగినవాడు తనకు అబద్ధమెందుకు చెబుతాడు?

సోమవారం నుంచి పనికి పోలేదు. బాపయ్యగారు స్కూటరు మీద ఇంటికి వచ్చి బతిమాలాడు. "అలవాటైన చెయ్యి ఎలీసమ్మా, వారం రోజులు ఉండి చూడు," అన్నాడు. ఆమె వద్దంది. తాలు దాటిపోయే కళ్ళతో ఆ పీట మీద కూచోవడం దొంగతనంతో సమానమంది. శివపార్వతిని పిలిపించి, ఆఖరి పీట మీద కూచునేటప్పుడు కిటికీ ఏ పక్కన ఉండాలో, మబ్బు పట్టిన రోజున కాయను ఎలా తిప్పి చూడాలో అన్నీ చెప్పి పంపించింది. శివపార్వతి వెళ్ళేటప్పుడు ఏడ్చింది. ఎలీసమ్మ ఏడవలేదు.

ఇంట్లో కూచున్న మనిషికి పగలు పొడుగు. చేతికి పని లేదు. ఉన్నది ఫోనొక్కటే. అందులోనే బైబిలు వాక్యం చదువుకునేది, అక్షరాలు పెద్దవి గనక. అందులోనే పాటలు, కూతురి పిల్లల ఫొటోలు. ముందు పనికి పోయినప్పుడు గంటో అరగంటో చూసేది ఇప్పుడు పూటలకు పూటలు చూసింది. తలుపు దగ్గరకు వేసుకుని, చీకటి గదిలో, వెలుతురు అడుగంటా తగ్గించుకుని. తమ్ముడు చెప్పాడుగా. తలనొప్పి తగ్గకపోగా రెట్టింపైంది. కాయ మానేసినా నొప్పి తగ్గలేదంటే అప్పుడైనా ఎవరికైనా బుద్ధి పుట్టాలి. ఊహూ. "ఘాటు తలకెక్కింది, మానేసినా వదలదు," అంది ఊరు. చర్చిలో ఆమె కోసం ప్రార్థన చేశారు. దసరాకు, క్రిస్మస్‌కు కూడా ఆమె వాకిలి దాటలేదు.

బుడే నెలకోసారి బత్తాయిలు పట్టుకుని వెళ్ళేవాడు. వెళ్ళినప్పుడల్లా ఫోను చేతిలోకి తీసుకుని, వెలుతురు తక్కువగానే ఉందా లేదా అని చూసి, ఉందని తృప్తిపడి ఇచ్చేవాడు. ఈ ఒక్క పని గుర్తొస్తే చాలు, ఇవాళ్టికీ అతనికి ముద్ద గొంతు దిగదు.

ఆ తరువాతి ఫిబ్రవరిలో జూనియర్ కాలేజీకి కొత్తగా వచ్చిన ఫిజిక్స్ లెక్చరరు బిందుమాధవిగారు కొట్టుకు వచ్చింది. చేతిలో కొత్త ఫోను.

"ఇది తీసుకుని పాత రకం ఎల్‌సీడీ స్క్రీనున్నది ఏదైనా ఇస్తారా బుడేగారూ? ఈ స్క్రీను నాకు పడటం లేదు."

"పడకపోవడమేందండీ? ఇదేమన్నా వంకాయా?"

"వంకాయ లాంటిదే. మా చెల్లెలికి పడుతుంది, నాకు పడదు. పది నిమిషాలు చూస్తే తలనొప్పి, వికారం. ఇది మినుకుమినుకుమంటుందండీ."

బుడే ఫోను తీసుకున్నాడు. తిప్పి చూశాడు, వంచి చూశాడు. "ఏమీ మినుకుమనటం లేదుగా మేడం, నేను చూశాగా," అన్నాడు.

"కంటికి కనపడదు. మీ ఫోను ఇవ్వండి."

ఆమె అతని ఫోనులో కెమెరా తెరిచి, షట్టరు వేగం పెంచి, తన ఫోను ఎదురుగా పట్టుకుంది. బుడే తొంగి చూశాడు. కెమెరాలో ఆ తెల్లటి స్క్రీను నిండా నల్లటి పట్టీలు, ఒకదాని వెనక ఒకటి, కిందికి జారిపోతున్నాయి. తల ఎత్తి ఫోను వంక చూస్తే ఏమీ లేదు. కెమెరాలో చూస్తే పట్టీలు.

"వెలుతురు తగ్గించమంటే ఇలాంటి స్క్రీన్లలో చాలావరకు నిజంగా తగ్గించవండీ. ఆరిపోయి వెలుగుతూ ఉంటాయి. సెకనుకు కొన్ని వందలసార్లు. ఆ ఆరడం మన కంటికి తెలియదు, మొత్తం మీద మసక అయినట్టు అనిపిస్తుంది. చాలామందికి ఏమీ కాదు. నాలాంటి కొందరికి మాత్రం తలకాయ పట్టేస్తుంది. వెలుతురు నిండుగా పెడితే కొంత నయం. ఇదిగో చూడండి."

ఆమె వెలుతురు పెంచింది. పట్టీలు సన్నబడి దాదాపు మాయమయ్యాయి. తగ్గించింది. లావయ్యాయి. అడుగంటా తగ్గించింది. స్క్రీనులో వెలుగు కంటే నలుపే ఎక్కువైంది.

బుడే స్క్రూడ్రైవరు తీసుకుని ఆ ఫోను ముందు అటూ ఇటూ ఊపాడు. ఒక్క స్క్రూడ్రైవరు పది ముక్కలుగా కనపడింది. పిక్చర్ ట్యూబు టీవీల ముందు చెయ్యి ఊపితే వేళ్ళు అలాగే పదులుగా కనపడేవి. ఇరవై ఏళ్ళు ఆ టీవీలు బాగు చేసినవాడు, ఎందుకలా అవుతుందని అడిగిన పిల్లలకు విడమరిచి చెప్పినవాడు, ఎలీసమ్మ ఫోను ముందు ఒక్కసారి చెయ్యి ఊపలేదు. ఊపడానికి ఎంతసేపు పడుతుంది?

"బుడేగారూ, ఒంట్లో బాగాలేదా?" అంది లెక్చరరుగారు.

ఆమెకు కావలసిన రకం ఫోను ఇచ్చి పంపించి, అలమర అంతా గాలించి అలాంటిదే ఇంకొకటి తీసి, పట్టపగలే కొట్టు మూసేసి చర్చి వెనక్కి నడిచాడు.

ఎలీసమ్మ మంచం మీద తలకు గుడ్డ కట్టుకుని కూచుని ఉంది. బుడే నేల మీద కూచున్నాడు. ఏదీ దాచలేదు. పట్టీలు చూపించాడు. తగ్గించమన్న కొద్దీ ఎందుకు ఎక్కువైందో చెప్పాడు. పాత ఫోను స్క్రీను యూసుఫ్‌కు వేసిన సంగతి కూడా చెప్పాడు. కాయ మానెయ్ అన్నది చూసి అనలేదని, ఆ సంగతి కప్పిపుచ్చుకోవడానికి అన్నానని చెప్పాడు.

ఆమె అంతా విన్నది. కెమెరాలో ఆ నల్ల పట్టీల వంక రెప్ప వెయ్యకుండా చూసింది.

"నేను చెప్పాగా బుడే," అంది మెల్లగా. "కదులుతోందని చెప్పాగా."

"చెప్పావక్కా."

"నాకు మతి చెడుతోందేమో అనుకున్నా ఇన్నాళ్ళూ."

ఒరేయ్ అనలేదు. తిట్టినా, మంచం పక్కన చెప్పు తీసుకుని కొట్టినా అతనికి అంత నొప్పి పుట్టేది కాదు.

పాత రకం స్క్రీనున్న ఫోను ఇచ్చాడు. వారంలో నొప్పి సగమైంది. మూడో వారానికి తలకు గుడ్డ విప్పేసింది. ఒకరోజు తానే నడుచుకుంటూ కొట్టుకు వచ్చి, టీ తెప్పించుకుని తాగి, "ఒరేయ్ బుడే, బాపయ్యగారి దగ్గరికి పోదాం పద," అంది. ఆ ఒరేయ్ వినగానే బుడే కళ్ళు చెమర్చాయి. చేసిన తప్పు దిద్దుకునే వీలు దొరికిందనుకున్నాడు పాపం.

బాపయ్యగారు ఎగిరి గంతేశాడు. కొత్త కాయ వచ్చిపడుతోంది, ఏరే చేతులు చాలడం లేదు. షెడ్డులోకి ఎలీసమ్మ అడుగు పెట్టగానే శివపార్వతి ఆఖరి పీట మీంచి లేచి, పీట తుడిచి, పక్కకు జరిగింది. ఎవరూ చెప్పకుండానే జరిగింది. ఎలీసమ్మ కూచుంది. బుడే గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. ఆమె చెయ్యి కుప్ప మీద ఆడింది. ఒక తాలు, ఇంకో తాలు, మూడోది. కన్ను ఏమీ మర్చిపోలేదు. ఏరిన తాలుకాయలు మూలకు విసురుతుంటే ఆ మొహంలో వెలుగు చూసి బుడే ఇంటికి తేలిగ్గా వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళిన పావుగంటకు ఆమెకు దగ్గు మొదలైందట.

మొదటి రోజు కదా అన్నారందరూ. రెండో రోజు ముక్కుకు గుడ్డ కట్టుకుంది. ఇరవై రెండేళ్ళలో ఎన్నడూ కట్టుకోనిది. మూడో రోజు గుడ్డ రెండు మడతలైంది. ఏడాది పొడుగునా ఘాటులో బతికిన ఛాతీ తొమ్మిది నెలలు మంచి గాలి పీల్చి అలవాటు తప్పింది. కొత్తగా వచ్చే ఇరవై ఏళ్ళ పిల్లలైతే పదిహేను రోజులు తుమ్మి సర్దుకుంటారు. అరవై దగ్గరపడ్డ మనిషి సర్దుకోదు. అయినా పీట వదల్లేదు. "అదే పోద్ది," అంటూ కూచుంది.

ఆరో రోజు మధ్యాహ్నం శివపార్వతి ఫోను చేసింది. బుడే కొట్టు అలాగే వదిలేసి పరుగెత్తాడు. ఎలీసమ్మను బయటికి తెచ్చి షెడ్డు మెట్ల మీద కూచోబెట్టారు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి, ఊపిరి తీసుకుంటుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. మళ్ళీ లోపలికి పంపేది లేదని బాపయ్యగారు చేతులు జోడించి చెప్పేశాడు. చుట్టూ ఆడవాళ్ళు నిలబడ్డారు. బుడే ఆమె పక్కన మెట్టు మీద కూలబడ్డాడు.

ఆమె నీళ్ళు తాగి, కాస్త ఊపిరి కుదుటపడ్డాక అతని చెయ్యి పట్టుకుంది. కళ్ళు ధారగా కారుతున్నాయి. నవ్వడానికి ప్రయత్నించింది.

"ఒరేయ్ బుడే, నెల నించీ అబద్ధం చెప్పానని కుమిలిపోతన్నావు గదరా. ఇంక మానెయ్. నువ్వన్నదే నిజమైంది. ఘాటేరా."

అతని బాధ తీరాలనే అంది. అందులో వెటకారం ఇసుమంత లేదు, అది బుడేకు తెలుసు. అతను మోకాళ్ళ మీద తల పెట్టుకుని, అంతమంది ఆడవాళ్ళ ముందు, వెక్కివెక్కి ఏడ్చాడు.

శివపార్వతి గబగబా చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది.

"కళ్ళు కడుక్కో బాబాయ్. అలవాటు లేనోళ్ళకి ఘాటు అట్టాగే తగులుద్ది."